చీరాల పన్ను కథ – ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

సంచిక కమిటీ మిత్రులు ఫోన్ చేసి, నువ్వు మున్సిపల్ ఇంజనీరువి కదా, ఊరి నీళ్ళ గురించో రోడ్ల గురించో నాలుగు పేజీలు రాసిమ్మన్నారు. సరే అన్నాను. తీరా కాగితం ముందు పెట్టుకుంటే నీళ్ళూ గుర్తు రాలేదు, రోడ్లూ గుర్తు రాలేదు. ఎనిమిదో తరగతి సోషల్ క్లాసు గుర్తొచ్చింది. వేపచెట్టు పక్కన రేకుల షెడ్డు, కిటికీకి ఊచలు లేవు, గొర్రెలు తొంగి చూసేవి. 1984లో పదో తరగతి పాసైన మా బ్యాచ్ వాళ్ళకి ఆ గది చెప్పక్కర్లేదు.

ఆ గదిలో మా సోషల్ మాస్టారు చీరాల–పేరాల పాఠం చెప్పారు. పుస్తకంలో ఉన్నది నాలుగైదు లైన్లు. ఆయన మాత్రం రెండు రోజులు తీసుకున్నారు. పుస్తకం మూసేసి మా చేత లెక్క కట్టించారు. మన ఊరు మొత్తం రేపు పొద్దున్నే ఖాళీ చెయ్యాలంటే ఎన్ని బళ్ళు కావాలి, మీ ఇంట్లో ఏం ముందు ఎక్కిస్తారు, నడవలేని ముసలివాళ్ళు ఎంతమంది, పాడిగేదెలకి గడ్డి ఎక్కడ? ఎవడికి తోచింది వాడు అరిచాం. చివర్లో ఆయన, మనకి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో జనం ఈ పని నిజంగా చేశారనీ, చేయించినవాడు బాపట్లలో చదువుకున్నవాడేననీ చెప్పారు. అంతవరకూ మాకు బాపట్ల అంటే సూర్యలంక, చీరాల అంటే బట్టల కొట్లు.

ఆ మనిషి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు. ఆంధ్రరత్న అంటే పెద్దవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ముందు నుంచి వందసార్లు వెళ్ళి ఉంటాం. ఆ పేరు ఎవరిదని ఆగి అడిగినవాళ్ళు మన బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో మీరే చెప్పండి.

ఆయన 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన మూడో రోజునే తల్లి పోయింది. మూడేళ్ళ వయసుకి తండ్రి కూడా పోయాడు. బంధువుల ఇంట పెరిగిన పిల్లవాడు. గుంటూరు, బాపట్లల్లో చదివారు. చదువు మీద కంటే పాట మీదా నాటకం మీదా ధ్యాస ఎక్కువ అని ఆయన గురించి రాసినవాళ్ళంతా చెబుతారు. బాపట్ల తాలూకా ఆఫీసులో కొన్నాళ్ళు ఉద్యోగం కూడా చేశారు. ఆ కుర్చీలోనే ఉండిపోయి ఉంటే రెవెన్యూలో ఏదో ఒక మెట్టు మీద రిటైరయి ఉండేవారు. కానీ స్నేహితుడు నడింపల్లి నరసింహారావు గారి తోడుతో స్కాట్లండు వెళ్ళి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో ఎం.ఏ. చేశారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి, మన పిల్లలకి పెద్దగా తెలియనిది. ఆనంద కుమారస్వామి గారితో కలిసి ఆయన నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయం ప్రెస్ వాళ్ళు దాన్ని అచ్చు వేశారు. నాట్యం నేర్చుకునేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడున్నా ఆ పుస్తకం పేరు విని ఉంటారు. దాని మీద రెండో పేరు మన దుగ్గిరాల. ఎకనామిక్స్ ఎం.ఏ. చదివినవాడు హస్తముద్రల పుస్తకం అనువాదం చెయ్యడమేమిటని నాకు మొదట్లో ఆశ్చర్యంగా ఉండేది. తర్వాత ఆయన చీరాలలో చేసినవి చదువుతుంటే ఆశ్చర్యం పోయింది. జనం ముందు నిలబడి వాళ్ళని కూర్చోబెట్టడం, నవ్వించడం, ఏడిపించడం, చివరికి లేపి నడిపించడం వచ్చినవాడు ఆయన. ఆ విద్య ఎకనామిక్స్ క్లాసులో రాదు.

తిరిగొచ్చాక రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పారు. పైవాళ్ళతో పొసగలేదు. ఒకరి కింద ఒదిగి ఉండే స్వభావం కాదు. చివరికి చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టారు. సంస్కృతం, జాతీయ విద్య, తోలుబొమ్మలాట, జముకుల కథ లాంటి జానపద కళలకి మళ్ళీ ప్రాణం పొయ్యడం దాని పని. రామదండు అని ఒక సేవాదళాన్ని తయారు చేశారు. శ్రీరాముడి సైన్యం అన్నమాట. ప్రత్యేకమైన దుస్తులు, మెడలో పూసలు, నుదుట బొట్టు, అడుగు తీసి అడుగు వేయడానికి ఒక క్రమం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలు జరిగినప్పుడు, లెక్కకందని జనాన్ని అదుపులో ఉంచింది ఈ రామదండే. లాఠీ లేకుండా.

ఇక పన్ను సంగతి. ఇది నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను, ఓపిక పట్టండి.

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట – ఈ నాలుగూ పక్కపక్క ఊళ్ళు. నేతగాళ్ళు, రైతులు, చిన్న వర్తకులు. 1884 నాటి మద్రాసు లోకల్ బోర్డుల చట్టం కింద ఇలాంటి ఊళ్ళని కలిపి యూనియన్ అనేవారు. మన పంచాయతీకి తాతలాంటిది. కొద్దిగా ఇంటిపన్ను వసూలు చేసి వీధులు ఊడిపించడం, దీపాలు పెట్టించడం లాంటి పనులు చూసుకునేది. చీరాల యూనియన్‌కి ఏటా వచ్చే పన్ను నాలుగు వేల రూపాయలు. 1919–20లో మద్రాసు ప్రభుత్వం ఈ యూనియన్‌ని మున్సిపాలిటీగా మార్చింది. దాంతో పన్ను ముప్పై వేలు దాటింది.

జనాభా 15 వేల పైచిలుకు. సగటు తీస్తే, మనిషికి నాలుగణాలు ఉన్నది రెండు రూపాయలయింది. అయిదుగురున్న ఇంటికి పది రూపాయలు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది కానీ, మగ్గం మీద బతికే ఇంటికి ఆ రోజుల్లో పది రూపాయలు చిన్న మొత్తం కాదు. పైగా సగటు సగటే. రోజుకి ఎనిమిది మూరలు నేసేవాడి గుడిసెకీ, నూలు వ్యాపారి మేడకీ దాని బరువు ఒకటి కాదు.

జనం అర్జీలు పెట్టుకున్నారు. మాది ఇసక నేల, కాస్త తవ్వితే దొరువులో తియ్యటి నీళ్ళు ఊరతాయి, వాన పడితే గంటలో ఇంకిపోతుంది, సముద్రం గాలి తగులుతుంది, మాకు ఈ హంగులు వద్దు మొర్రో అన్నారు. మున్సిపల్ ఇంజనీరుగా నాకు ఆ వాదన పూర్తిగా మింగుడు పడదు. ఇసకలో ఇంకిన మురుగు ఎక్కడికి పోతుంది? పక్క దొరువులోకే. పదిహేను వేలమంది ఒకచోట ఉన్న ఊరికి మంచినీటి ఏర్పాటూ మురుగు ఏర్పాటూ కావాలి, ఆ మాటలో ప్రభుత్వం తప్పు లేదు. కానీ ఆ ముప్పై వేలలో నీళ్ళకీ మురుక్కీ ఎంత, కొత్త ఆఫీసుకీ కొత్త జీతాలకీ ఎంత అని జనం అడిగితే తృప్తిగా జవాబు చెప్పినవాళ్ళు లేరు. మున్సిపాలిటీ అనగానే ముందు వచ్చేది ఎస్టాబ్లిష్‌మెంటు. కాలవ తర్వాత వస్తుంది. నేను చూసిన చోట్లన్నిటా ఇదే వరస.

ఇంకో తమాషా ఉంది. 1919 సంస్కరణల తర్వాత స్థానిక స్వపరిపాలన శాఖ మన భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. మద్రాసులో ఆ శాఖ చూసింది తెలుగువాడే, పానగల్లు రాజా గారు. 1921 జూలై నుంచి మొదటి మంత్రి కూడా ఆయనే. అంటే చీరాల జనం తలపడింది దొరల ప్రభుత్వంతోనే అయినా, ఆ కుర్చీలో కూర్చున్నది మనవాడు. పేరుకి స్వపరిపాలన. అడిగింది మాత్రం ఊరివాళ్ళని కాదు.

గోపాలకృష్ణయ్య గారు ముందుకొచ్చాక వ్యవహారం అర్జీల దశ దాటింది. మున్సిపల్ సభ్యులు రాజీనామాలు చేశారు. ప్రభుత్వం జీతం ఇచ్చి ఒక చైర్మన్‌ని తెచ్చి కూర్చోబెట్టింది. జనం పన్ను కట్టలేదు. జప్తులు, కేసులు, జైళ్ళు మొదలయ్యాయి. పన్ను కట్టనందుకు జైలుకి పోయినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. గాంధీగారి పిలుపుతో మన స్త్రీలు వేలల్లో జైళ్ళకి వెళ్ళడానికి ఇది తొమ్మిదేళ్ళ ముందు మాట. మా మాస్టారు ఇక్కడికొచ్చేసరికి ఆగి, ఆడపిల్లలు కూర్చున్న వరస వైపు చూశారు. ఆ వరసలో అప్పుడు ఉన్నది ఆరుగురే.

విజయవాడ సమావేశాల తర్వాత, 1921 ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. ఆయన ముందు రెండు దారులు పెట్టారు. ఒకటి, ఊళ్ళోనే ఉండి పన్ను కట్టకుండా వచ్చే కష్టాలన్నీ అహింసగా భరించడం. రెండోది, మున్సిపాలిటీ హద్దులు దాటి బయటికి పోయి ఉండడం. హద్దుల్లో మనిషే లేకపోతే మున్సిపాలిటీ ఎవరి మీద? అయితే ఏ దారి పట్టినా అది మీ సొంత బాధ్యత, కాంగ్రెసు డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దని కూడా ఆయన తేల్చి చెప్పారు. ఈ రెండో ముక్క మా పాఠంలో లేదు. పెద్దయ్యాక చదివాను. అక్కడి నుంచి కథ అంతా నాకు ఆ ముక్క చుట్టూనే తిరుగుతున్నట్టు ఉంటుంది.

చీరాల రెండో దారి పట్టింది.

ఏప్రిల్ ఆఖరు, ఎండలు ముదిరే రోజులు. పదిహేను వేల పైచిలుకులో పదమూడు వేలకి పైగా జనం ఇళ్ళకి తాళాలు వేసుకుని హద్దు దాటారు. అయిదుగురికి ఒక కాపరం చొప్పున చూసినా సుమారు 2,600 కాపరాలు. బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. నేతవాళ్ళ సంగతి మా మాస్టారు ప్రత్యేకంగా చెప్పారు. రైతు కాడి ఎత్తుకుపోవచ్చు, చేను ఎక్కడికీ పోదు. గుంట మగ్గం అలా కాదు. మగ్గం విప్పి, మోసుకుపోయి, కొత్త చోట మళ్ళీ గుంట తవ్వి, పలకలు సరిచేసి, పడుగు ఎక్కించాలి. ఆ రోజులన్నీ కూలి లేదు. అయినా పోయారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తుఫాను పునరావాస శిబిరానికి నీళ్ళ ఏర్పాటు చూడమన్నారు. రెండు వేల మంది, పది రోజులు. ట్యాంకర్లు, జనరేటర్లు, జీపులు, పైన కలెక్టరు గారు. అయినా మాకు నిద్రలేదు. మనిషికి రోజుకి 40 లీటర్లు పల్లెటూళ్ళకి మేం చాలాకాలం వాడిన లెక్క. పదమూడు వేల మందికి రోజుకి అయిదు లక్షల ఇరవై వేల లీటర్లు. రామనగర్‌లో అదంతా చేదతో తోడుకున్నదే. పదకొండు నెలలు. ఎండలు అయిపోయి వానలు, వానలు అయిపోయి చలి.

అక్కడి కట్టుబాటు గురించి చదివినప్పుడల్లా నాకు ఈ సంచికలో మన ఊరివాళ్ళందరి చేతా చదివించాలని ఉంటుంది. ప్రతి కులం నుంచీ ప్రతినిధుల్ని ఎన్నుకుని ఒక సభ పెట్టుకున్నారు. తగాదాలు తీర్చడానికి సొంతంగా పంచాయతీ కోర్టు పెట్టుకున్నారు. కాపలా, శుభ్రం, రోగుల సంగతి రామదండు చూసేది. సాయంత్రమైతే భజనలు, పురాణ కాలక్షేపం, గోపాలకృష్ణయ్య గారి పాటలు, ఛలోక్తులు. మున్సిపాలిటీ వద్దన్నవాళ్ళు, మున్సిపాలిటీ చెయ్యాల్సిన పనులన్నీ తాటాకు పాకల మధ్య తామే చేసుకున్నారు. మద్రాసు నుంచి వచ్చిన ఉత్తర్వుకీ, రాత్రి భజన తర్వాత కూర్చుని చేసుకున్న ఏర్పాటుకీ తేడా ఏమిటో ఆ పదకొండు నెలలూ చీరాల జనానికి బాగా తెలిసి ఉంటుంది. గాంధీగారు తన యంగ్ ఇండియా పత్రికలో చీరాల–పేరాల వాళ్ళ త్యాగాన్ని మెచ్చుకుంటూ రాశారు.

మెచ్చుకోలుతో పొయ్యి వెలగదు కదా. ప్రభుత్వ భూమిలో పాకలు వేశారని కేసులు పెట్టి జరిమానాలు వేశారు. దాచుకున్న గింజలు అయిపోతున్నాయి. డబ్బు కావాలి. గోపాలకృష్ణయ్య గారు విరాళాల కోసం ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. ఆ సంవత్సరమే బరంపురంలో ఆంధ్ర మహాసభకి వెళ్ళారు. అక్కడ మాట్లాడకూడదని జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఆయన మాట్లాడారు. పూచీకత్తు ఇస్తే వదిలేస్తామంటే ఇవ్వనన్నారు. ఏడాది శిక్ష వేసి తిరుచినాపల్లి జైలుకి పంపారు.

ఇక్కడ నాకు ఆయన మీద కాస్త కోపం ఉంది. మిత్రులు ఏమనుకున్నా సరే, చెబుతాను. పదమూడు వేల మంది మీ మాట మీద తాళాలు వేసుకుని బయట పాకల్లో ఉన్నారు. వాళ్ళకి మీరు తప్ప మరో దిక్కు లేదు. నోరు మూసుకుని చీరాల వచ్చేస్తే ఏం పోయింది? సైటు మీద పని సగంలో ఉండగా ఇంజనీరు తన పట్టుదల కోసం సస్పెండ్ అయితే మేం వాణ్ణి మెచ్చుకోం. ఈ మాట ఒకసారి మా మాస్టారి దగ్గరే అన్నాను, ఆయన రిటైరయ్యాక ఇంటికెళ్ళినప్పుడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడవద్దనగానే నోరు మూసుకునే మనిషైతే ఆ పదమూడు వేలమంది ఆయన వెంట అసలు బయటికి వచ్చేవాళ్ళే కాదు కదురా అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. రెండో మనిషిని, మూడో మనిషిని తయారుచేసి పెట్టుకోకపోవడం ఆయన లోపమే.

నాయకుడు జైల్లో, చేతిలో డబ్బు లేదు. ఆ చలికాలంలో గుంటూరు జిల్లా అంతా రగులుతోంది. పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి గారి వెనక రైతులు భూమిశిస్తు కట్టడం మానేశారు. పల్నాడులో అడవి పుల్లరి గొడవలో 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణమే ఇచ్చాడు. అదే నెలలో చౌరీచౌరా తర్వాత గాంధీగారు శాసనోల్లంఘన ఆపేశారు. ఆ తర్వాత రామనగర్ నిలబడడానికి ఆధారమేదీ మిగల్లేదు. పదకొండు నెలల తర్వాత జనం తాళాలు తీసి ఇళ్ళల్లోకి వెళ్ళారు. మున్సిపాలిటీ అలాగే ఉంది. పన్నూ ఉంది. కట్టారు.

పరీక్షలో చీరాల–పేరాల ఉద్యమం ఫలితమేమి అని ప్రశ్న వస్తే ఏం రాయాలని మా క్లాసులో ఒకడు అడిగాడు. మాస్టారు ఓడిపోయిందని రాయమన్నారు. అబద్ధం రాయొద్దన్నారు.

గోపాలకృష్ణయ్య గారు శిక్ష పూర్తి చేసుకుని బయటికొచ్చేసరికి రామనగర్ లేదు. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడు. ఆ తర్వాత కాంగ్రెసు పనిలో తిరిగారు, గోష్ఠి నడపాలని తంటాలు పడ్డారు, సాధన అని పత్రిక నడిపారు. చాటువులు చెప్పారు, సభల్లో నవ్వించారు. ఇంట్లో మాత్రం ఏమీ మిగుల్చుకోలేదు. క్షయ పట్టుకుంది. క్షయకి మందు లేని కాలం. మంచి తిండీ విశ్రాంతీ ఒక్కటే వైద్యం, ఆ రెండూ లేవు. 1928 జూన్ 10న పోయారు. ముప్పై తొమ్మిదేళ్ళు నిండి ఎనిమిది రోజులు. ఎడిన్‌బరో ఎం.ఏ., హార్వర్డు ప్రెస్ వేసిన పుస్తకం మీద పేరు ఉన్న మనిషి, అప్పుల్లో పోయారు.

ఈ కథ ఇప్పుడు ఎందుకు రాశానో మన ఊళ్ళో ఉంటున్నవాళ్ళకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. బయట ఉన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. మన పంచాయతీని పక్క మూడు ఊళ్ళతో కలిపి నగర పంచాయతీ చెయ్యాలని ప్రతిపాదన నడుస్తోంది. మన పూర్వవిద్యార్థుల వాట్సాప్ గ్రూపులో దీని మీద ఎంత రభస జరిగిందో చూశారు. హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్న మనవాళ్ళు, స్థలాల రేట్లు పెరుగుతాయి, ఊరు బాగుపడుతుంది, అడ్డు చెప్పేవాళ్ళు వెనకబడినవాళ్ళు అంటున్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళు, ఉపాధి హామీ పనులు పోతాయి, ఇంటిపన్ను ఆస్తి విలువ మీద వేస్తారు, మీరొచ్చి కడతారా అంటున్నారు. రెండువైపులా నా క్లాస్‌మేట్లే. రెండువైపుల నుంచీ నాకు ఫోన్లు. నువ్వు ఇంజనీరువి, నువ్వు చెప్పు.

ఒక పాత సంగతి ఒప్పుకుంటాను. చాలా ఏళ్ళ కిందట, ఏ ఊరో చెప్పను, ఇలాగే పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయిన చోట నేను ఏ.ఈ.గా ఉన్నాను. రచ్చబండ దగ్గర మీటింగు పెట్టారు. ఒక పెద్దాయన, అయిదెకరాల రైతు, లేచి రెండే ప్రశ్నలు వేశాడు. బాబూ, ఇప్పుడెంత కడుతున్నాం, రేపెంత కట్టాలి? మా వీధికి కాలవ ఎప్పుడొస్తుంది? మొదటి ప్రశ్నకి నా దగ్గర రూపాయి పైసలతో జవాబుంది. రెండోదానికి, ఎస్టిమేటు పైకి పంపాం, రెండేళ్ళలో వచ్చేస్తుందని చెప్పాను. అలా చెప్పమని పైనుంచి మాట. ఎస్టిమేటు అప్పటికి నా టేబుల్ మీదే ఉందని నాకు తెలుసు. ఆయన నా మొహం చూసి సరే బాబూ అని కూర్చున్నాడు. పన్ను ఆ ఏడాదే పెరిగింది. కాలవ వచ్చేసరికి నేను రెండు బదిలీలు అయి వేరే జిల్లాలో ఉన్నాను. ఆ పెద్దాయన దాన్ని చూశాడో లేదో.

అందుకని గ్రూపులో అటూ ఇటూ ఏమీ రాయలేదు. మౌనంగా ఉన్నానని కొందరికి కోపం వచ్చింది. నేను చేసిన పనల్లా ఒకటే. నాలుగు ఊళ్ళ పన్ను డిమాండు రిజిస్టర్లు తెప్పించుకుని, ఇప్పుడు ఏ ఇంటికి ఎంత, మారితే ఎంత అవుతుందో వీధి వీధికీ లెక్క కట్టాను. దాని పక్కన, వచ్చే డబ్బులో జీతాలకి ఎంత పోతుంది, నీళ్ళకీ మురుక్కీ ఎంత మిగులుతుంది, ఉపాధి హామీ కింద ఈ ఊళ్ళకి ఏటా వస్తున్న కూలి ఎంత, అదీ రాశాను. ఊరి బాగు కోరే ఇద్దరు కుర్రాళ్ళు, మన బడి పిల్లలే, కంప్యూటర్లో ఎక్కించారు. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ముసలివాళ్ళు చదువుకునేలా పదిహేడు పేజీలు వచ్చింది. రెండు కాపీలు బడి లైబ్రరీలో ఉన్నాయి, ఒకటి పంచాయతీ ఆఫీసు బల్ల మీద ఉంది. తప్పులుంటే దిద్దండి. దక్షిణం వీధి లెక్కలో ఒక తప్పు ఇప్పటికే మన బ్యాచ్ వాడొకడు పట్టుకున్నాడు, వాడి ఇల్లు రెండుసార్లు రాశాను.

గ్రామసభ సంక్రాంతి వెళ్ళిన తర్వాతి ఆదివారం, మన బడి ఆవరణలోనే, వేపచెట్టు దగ్గర. రేకుల షెడ్డు ఇప్పుడు లేదు కాబట్టి షామియానా వేస్తారట. బయట ఊళ్ళ నుంచి పండక్కి వచ్చేవాళ్ళు తిరుగు టికెట్లు సోమవారానికి చేయించుకోండి.